ఎస్-బ్లాక్ మూలకాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. ఎస్-బ్లాక్ మొదలెట్టిన ప్రతిసారీ దాదాపు ఇవే డౌట్లు వస్తాయి, కొన్ని పిల్లలవి, కొన్ని వాళ్ళ అమ్మానాన్నలవి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నా. ముందే ఒక మాట చెప్పేస్తా, ఈ చాప్టర్‌ని చాలామంది పాయింట్లు పాయింట్లుగా బట్టీ కొడతారు, అందుకే నెల తిరిగేసరికి మొత్తం మర్చిపోతారు. నిజానికి ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే, బయటి షెల్‌లో ఉన్న ఆ ఒకటో రెండో ఎలక్ట్రాన్లని కేంద్రకం ఎంత గట్టిగా పట్టుకుందో ఎంత వదులుగా పట్టుకుందో చూడటం. కింద జవాబుల్లో సగానికి పైగా చివరికి అక్కడికే వస్తాయి.

అసలు ఎస్-బ్లాక్ అంటే ఏంటి? ఎన్ని మూలకాలు ఉన్నాయి?

ఆవర్తన పట్టికలో ఎడమ చివర ఉన్న రెండు నిలువు వరసలు. పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండే చోట్లని ఆర్బిటాల్స్ అంటారు. ఒక మూలకానికి చివరగా చేరే ఎలక్ట్రాన్ ఎస్ ఆర్బిటాల్‌లోకి వెళ్తే అది ఎస్-బ్లాక్. ఎస్ ఆర్బిటాల్‌లో రెండే ఎలక్ట్రాన్లు పడతాయి కాబట్టి గ్రూపులు కూడా రెండే. మొదటి గ్రూపులో లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం, ఫ్రాన్షియం. రెండో గ్రూపులో బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం. ఇవి 12. హైడ్రోజన్, హీలియం కూడా కలిపితే 14.

ఎస్ అనే అక్షరం ఎక్కడిదని కూడా అడుగుతుంటారు. స్పెక్ట్రమ్ గీతలు, అంటే వెలుగుని విడదీస్తే కనపడే రంగు గీతలు చూసేవాళ్ళు కొన్ని గీతలకి షార్ప్ అని పేరు పెట్టుకున్నారు, ఆ మాటలోని మొదటి అక్షరమే ఇది.

హైడ్రోజన్, హీలియం ఎస్-బ్లాక్‌లోవేనా? మరి వాటి గురించి ఈ చాప్టర్‌లో చెప్పరెందుకు?

ఎలక్ట్రాన్ విన్యాసం ప్రకారం చూస్తే అవును. హైడ్రోజన్‌కి ఎస్‌లో ఒకటి, హీలియంకి రెండు. కానీ గుణాలు వేరు. హైడ్రోజన్ లోహం కాదు, దాని అయనీకరణ శక్తి, అంటే పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని పీకడానికి పట్టే శక్తి, మోల్‌కి 1312 కిలోజౌల్స్, సోడియంది 496 మాత్రమే, ఆ తేడా చూస్తేనే అర్థమవుతుంది అది క్షార లోహాలలాగా ఎలక్ట్రాన్‌ని సులువుగా ఇచ్చే రకం కాదని. హీలియంకి ఉన్న ఒక్క షెల్ రెండుతో నిండిపోయింది కాబట్టి అది జడవాయువు, 18వ గ్రూపులో కూర్చోబెట్టారు.

హీలియం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి, ఇది చెప్పకుండా నేను ఎప్పుడూ ముందుకెళ్ళను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరులో స్పెక్ట్రోస్కోప్ పెట్టుకుని సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగుని చూశాడు. అదే రోజు మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన పోగ్సన్ మచిలీపట్నంలో ఉండి చూశాడు, అక్కడ కనిపించిన పసుపు గీతని రాసుకున్నాడు. ఆ గీత సోడియంది కాదని, భూమ్మీద అప్పటికి తెలియని కొత్త మూలకానిదని ఇంగ్లండ్‌లో లాకియర్ తేల్చాడు, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నాడు. భూమ్మీద దాన్ని రామ్సే పట్టుకునేసరికి 1895 అయింది. అంటే హీలియం కథ మొదలైన చోట్లలో గుంటూరు, బందరు కూడా ఉన్నాయి, మన పిల్లల్లో చాలామందికి ఈ ముక్క తెలీదు, అది నాకు నిజంగా బాధ.

క్షార లోహాలు, క్షార మృత్తిక లోహాలు అని ఆ పేర్లేంటి?

క్షారం అంటే బేస్, చేతికి తగిలితే సబ్బులా జారేది. మొదటి గ్రూపు లోహాలు నీళ్ళతో కలిస్తే బలమైన క్షారాలు వస్తాయి, అందుకే క్షార లోహాలు. ఇంగ్లీషులో ఆల్కలీ అనే మాట అరబిక్ నుంచి వచ్చింది, మొక్కల బూడిద అని దాని అర్థం. మన అమ్మమ్మలు కట్టెల పొయ్యిలో బూడిదతో గిన్నెలు తోమేవాళ్ళు కదా, ఆ బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది జిడ్డుని వదలగొడుతుంది. పొటాష్ అనే పేరు కూడా కుండలో మరిగించిన బూడిద నుంచే వచ్చింది.

మృత్తిక అంటే మన్ను. పాతకాలంలో నిప్పులో ఎంత కాల్చినా కరగని పదార్థాలని మన్ను అనేవాళ్ళు, సున్నం, మెగ్నీషియా అలాంటివే, పైగా వాటికి క్షార గుణం కూడా ఉంది, అందుకే క్షార మృత్తిక.

క్షార గుణం కళ్ళారా చూడాలంటే ల్యాబ్ అక్కర్లేదు. దిష్టి తీయడానికి, హారతి ఇవ్వడానికి పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేస్తారు, వెంటనే ఎర్రగా మారుతుంది. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారం తగిలితే రంగు మారుతుంది, సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. పెళ్ళిలో కాళ్ళకి పెట్టే పారాణి కూడా పసుపు, సున్నం కలిపిందే.

గ్రూపులో పైనుంచి కిందికి వస్తే ఏం మారుతుంది?

కిందికి దిగే ప్రతి మెట్టులో ఒక షెల్ పెరుగుతుంది. బయటి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరం జరుగుతుంది, మధ్యలో ఉన్న లోపలి ఎలక్ట్రాన్లు తెర కట్టినట్టు అడ్డం పడతాయి. అందుకని పట్టు సడలుతుంది. దీని నుంచే మిగతావన్నీ మీరే చెప్పేయొచ్చు. సైజు పెరుగుతుంది, అయనీకరణ శక్తి తగ్గుతుంది, చర్యాశీలత పెరుగుతుంది, లోహ బంధం బలహీనపడుతుంది.

నంబర్లు కావాలంటే మొదటి గ్రూపులో మొదటి అయనీకరణ శక్తి లిథియంకి 520, సోడియంకి 496, పొటాషియంకి 419, రుబీడియంకి 403, సీజియంకి 376, అన్నీ మోల్‌కి కిలోజౌల్స్‌లో. ఎక్కడా పైకి లేవకుండా సాఫీగా దిగింది చూడండి. రెండో గ్రూపులో బెరీలియం 899, మెగ్నీషియం 738, కాల్షియం 590, స్ట్రాన్షియం 549, బేరియం 503. ఒకే అడ్డవరసలో చూసుకుంటే రెండో గ్రూపుది ఎప్పుడూ ఎక్కువే, ఎందుకంటే కేంద్రకంలో ఒక ప్రోటాన్ ఎక్కువుంది, షెల్ మాత్రం అదే, కాబట్టి లాగుడు ఎక్కువ, సైజు తక్కువ.

సోడియం ఎప్పుడూ ప్లస్ 1, మెగ్నీషియం ఎప్పుడూ ప్లస్ 2 ఎందుకు? సోడియం ప్లస్ 2 అవ్వదా?

ఎన్ని ఎలక్ట్రాన్లు పోతే అంత ప్లస్ ఛార్జి, అలా ఛార్జి వచ్చిన పరమాణువునే అయాన్ అంటారు. సోడియం నుంచి మొదటి ఎలక్ట్రాన్ తీయడానికి 496 చాలు. రెండోది తీయాలంటే 4562. తొమ్మిది రెట్లకి పైనే. ఎందుకంటే మొదటిది పోయాక మిగిలింది నియాన్ లాంటి నిండు షెల్, దాన్ని విడగొట్టాలంటే ఇచ్చిన శక్తి మళ్ళీ ఏ రకంగానూ తిరిగి రాదు. మెగ్నీషియంకి మొదటిది 738, రెండోది 1451, మూడోది ఒక్కసారిగా 7733. ఎక్కడ నంబర్ ఎగిరి పడిందో అక్కడ నిండు షెల్ మొదలైందని అర్థం. పరీక్షలో మూలకం పేరు చెప్పకుండా ఈ నంబర్లు ఇచ్చి ఇది ఏ గ్రూపు అని అడుగుతారు, ఆ ఎగిరిన చోటు చూసుకుంటే చాలు.

ఇంకో డౌట్ కూడా వస్తుంది, మెగ్నీషియంకి ప్లస్ 1 దగ్గర ఆగిపోతే తక్కువ శక్తి చాలు కదా అని. ప్లస్ 2 అయాన్ చిన్నది, ఛార్జి ఎక్కువ, అది స్ఫటికంలో కూర్చున్నా నీళ్ళలో కలిసినా చాలా ఎక్కువ శక్తి విడుదల చేస్తుంది, రెండో ఎలక్ట్రాన్ కోసం పెట్టిన ఖర్చు అక్కడ తీరిపోతుంది.

సోడియం లోహమే కదా, కత్తితో జున్నులా ఎలా తెగుతుంది?

లోహంలో పరమాణువులని పట్టి ఉంచేది బయటి ఎలక్ట్రాన్లు. క్షార లోహాల్లో పరమాణువుకి ఒక్కటే ఎలక్ట్రాన్ ఉంది, పరమాణువులేమో పెద్దవి, దాంతో బంధం పలచబడిపోయింది. ద్రవీభవన స్థానాలు చూడండి, లిథియం 180.5 డిగ్రీలు, సోడియం 97.8, పొటాషియం 63.5, రుబీడియం 39.3, సీజియం 28.5. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండ 45 దాటుతుంది కదా, ఆ ఎండలో సీలు చేసిన గాజు గొట్టంలో సీజియం, రుబీడియం రెండూ పెడితే రెండూ కరిగి నీళ్ళలా అయిపోతాయి. సీజియంకైతే చలికాలం మధ్యాహ్నం కూడా దాదాపు చాలు.

రెండో గ్రూపులో పరమాణువుకి రెండు ఎలక్ట్రాన్లు, సైజు చిన్నది, అందుకే గట్టివి. మెగ్నీషియం 650 దగ్గర కరుగుతుంది, బెరీలియం 1287 దగ్గర. రెండో గ్రూపులో మాత్రం ఈ విలువలు వరసగా దిగవు, స్ఫటిక నిర్మాణాలు మారతాయి కాబట్టి ఎగుడుదిగుడుగా ఉంటాయి.

పొటాషియం సోడియం కంటే తేలికా? కిందికి పోతే బరువెక్కాలి కదా?

ఈ ప్రశ్న ఎంట్రన్సుల్లో తెగ తిరుగుతుంది. సాంద్రత సోడియంది 0.97, పొటాషియంది 0.86. చిన్న లెక్క వేద్దాం. పరమాణు ద్రవ్యరాశి 23 నుంచి 39కి వెళ్ళింది, అంటే సుమారు 1.7 రెట్లు. వ్యాసార్థం 186 పికోమీటర్ల నుంచి 227కి వెళ్ళింది, దాన్ని ఘనం చేస్తే ఘనపరిమాణం సుమారు 1.8 రెట్లు. బరువు కంటే చోటు ఎక్కువ పెరిగింది, అందుకే సాంద్రత తగ్గింది. మెగ్నీషియం 1.74, కాల్షియం 1.55, అక్కడా ఇదే తంతు.

వీటిని కిరోసిన్‌లో ఎందుకు పెడతారు? నీళ్ళలో వేస్తే నిజంగా పేలతాయా?

గాలి తగిలితే నిమిషాల్లో మెరుపు పోతుంది, తేమ తగిలితే హైడ్రోజన్ వాయువు, వేడి రెండూ పుడతాయి. అందుకే సోడియం, పొటాషియం కిరోసిన్‌లో ఉంచుతారు. లిథియం మాత్రం కిరోసిన్ మీద తేలుతుంది, దాని సాంద్రత 0.53 మరి, కాబట్టి పారాఫిన్ మైనంలో చుట్టి పెడతారు.

నీళ్ళలో వేస్తే లిథియం నిదానంగా బుడగలు వదులుతుంది. సోడియం కరిగి గుండ్రటి బంతిలా నీటి మీద చకచకా తిరుగుతుంది. పొటాషియం లేత ఊదా మంటతో అంటుకుంటుంది. రుబీడియం, సీజియం అయితే పాత్రే పగిలిపోవచ్చు. ఇన్నాళ్ళూ హైడ్రోజన్ అంటుకోవడమే పేలుడుకి కారణం అని చెప్పేవాళ్ళం, నేను కూడా అలాగే చదువుకున్నా. 2015లో ప్రాగ్‌లో శాస్త్రవేత్తలు హైస్పీడ్ కెమెరాతో చూస్తే, లోహం నీటిని తాకిన క్షణంలో ఎలక్ట్రాన్లు గుంపుగా నీళ్ళలోకి దూకేస్తున్నాయి, మిగిలిన ధన ఆవేశాలు ఒకదాన్నొకటి తోసుకుని లోహం ముళ్ళలాగా చీలిపోతోంది, దాంతో కొత్త ఉపరితలం ఏర్పడి చర్య ఇంకా రెచ్చిపోతోంది అని తేలింది. పేలుడులో మొదటి అడుగు అదన్నమాట.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తా. నేను చదువుకునే రోజుల్లో మా ల్యాబ్‌లో ఒకబ్బాయి వాడేసిన ఫిల్టర్ పేపర్ సింకులో పడేశాడు, దానికి అంటుకుని శనగగింజంత సోడియం ముక్క ఉంది. టప్‌మని పేలి నీళ్ళు మొహాన చిమ్మాయి, కళ్ళజోడు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి కళ్ళు దక్కాయి. ఆ నీళ్ళలో ఉన్నది సోడియం హైడ్రాక్సైడ్, కంటిలో పడితే చూపు పోతుంది. వీడియోలు చూసి ఎవరూ ఇంట్లో ప్రయత్నం చేయకండి ప్లీజ్. సోడియం మంట మీద నీళ్ళు పోయకూడదు, పొడి ఇసుక వేయాలి.

లిథియం ఎలక్ట్రాన్‌ని అందరికంటే గట్టిగా పట్టుకుంటుంది అన్నారు, మరి అదే అన్నిటికంటే బలమైన క్షయకరణి అని పుస్తకంలో ఉందేంటి?

మంచి ప్రశ్న, క్లాసులో ఎవరైనా ఇది అడిగితే ఆ రోజంతా నాకు హుషారుగా ఉంటుంది. క్షయకరణి అంటే ఎదుటిదానికి ఎలక్ట్రాన్ ఇచ్చేది. అయనీకరణ శక్తి అనేది ఒంటరి పరమాణువు వాయువు స్థితిలో ఉన్నప్పటి లెక్క. క్షయకరణ పొటెన్షియల్, అంటే ఆ ఇచ్చే బలాన్ని వోల్టుల్లో చెప్పేది, నీళ్ళలో లెక్క, ఎంత మైనస్ అయితే అంత బలం. నీళ్ళలో ఇంకో ఖాతా కలుస్తుంది, ఆర్ద్రీకరణ శక్తి. లిథియం అయాన్ చాలా చిన్నది కాబట్టి నీటి అణువులని చుట్టూ బిగించేసుకుంటుంది, అప్పుడు మోల్‌కి 506 కిలోజౌల్స్ విడుదలవుతాయి, సోడియంకి 406, సీజియంకి 276. ఎలక్ట్రాన్ తీయడానికి మిగతావాటి కంటే ఎంత అదనంగా ఖర్చైందో ఇక్కడ అంతకంటే ఎక్కువ అదనంగా వెనక్కి వస్తుంది, మొత్తం మీద లిథియం మైనస్ 3.04 వోల్టులతో ముందుంది, సోడియం మైనస్ 2.71.

మరి అంత బలమైనదైతే నీళ్ళలో నిదానంగా ఎందుకు అంటారు. ఎంత శక్తి వస్తుంది అనేది వేరు, ఎంత వేగంగా వస్తుంది అనేది వేరు. లిథియం 180 దాటితే గానీ కరగదు, ముక్క ముక్కలాగే ఉంటుంది కాబట్టి తాకే ఉపరితలం తక్కువ.

ఫోన్లో, ఎలక్ట్రిక్ బండిలో లిథియం బ్యాటరీ ఎందుకంటే ఇందుకే, వోల్టేజీ ఎక్కువ, బరువు తక్కువ. ఈ బ్యాటరీలకి గాను 2019లో గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకి కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు.

ఇంకో చిన్న చిక్కు, చుట్టూ నీళ్ళు కట్టుకుంటుంది కాబట్టి నీళ్ళలో లిథియం అయానే అన్నిటికంటే లావు, అన్నిటికంటే నిదానంగా కదులుతుంది. గ్రూపులో కిందికి వెళ్ళేకొద్దీ కదలిక పెరుగుతుంది.

మంటలో రంగులు ఎలా వస్తాయి? దీపావళి మతాబులకీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. ఎలక్ట్రాన్ వదులుగా ఉంది కాబట్టి గ్యాస్ మంట వేడికే పై స్థాయికి ఎగురుతుంది, తిరిగి కిందికి వచ్చేటప్పుడు వెలుగు వదులుతుంది. లిథియం ముదురు ఎరుపు, సోడియం బంగారు పసుపు, పొటాషియం లేత ఊదా, సీజియం నీలం, కాల్షియం ఇటుక ఎరుపు, స్ట్రాన్షియం రక్తం లాంటి ఎరుపు, బేరియం ఆపిల్ ఆకుపచ్చ. వంటింట్లో పప్పు పొంగి స్టవ్ మీద పడగానే నీలం మంట పసుపు అవుతుంది చూశారా, అది ఉప్పులో సోడియం, 589 నానోమీటర్ల వెలుగు. పొటాషియం పరీక్షలో కాస్త సోడియం కలిసినా ఆ పసుపు మిగతాది కనపడనివ్వదు, అందుకే కోబాల్ట్ నీలం గాజులోంచి చూడమంటారు.

బెరీలియం, మెగ్నీషియం రంగు ఇవ్వవు. ఎలక్ట్రాన్లని గట్టిగా పట్టుకున్నాయి కాబట్టి మంట వేడి చాలదు. కాదు సార్ మెగ్నీషియం రిబ్బన్ తెల్లగా వెలుగుతుంది కదా అంటారు, అది రిబ్బనే మండటం, జ్వాలా పరీక్ష కాదు.

టపాసుల్లో ఎరుపుకి స్ట్రాన్షియం, ఆకుపచ్చకి బేరియం లవణాలు వాడతారు. బేరియం విషం, పొగలో పీలుస్తాం, అందుకే సుప్రీంకోర్టు 2018లో టపాసుల్లో బేరియం లవణాలు వద్దంది.

సీజియం, రుబీడియం దొరికిందే ఈ రంగుల వల్ల. బున్సెన్, కిర్కాఫ్ 1860లో ఊట నీళ్ళని పరీక్షిస్తే కొత్త నీలం గీతలు కనపడ్డాయి, ఆకాశ నీలం అనే లాటిన్ మాట మీద సీజియం అన్నారు. తర్వాతి ఏడాది ముదురు ఎరుపు గీతలతో రుబీడియం.

గాలిలో కాలిస్తే ఒక్కోటి ఒక్కో ఆక్సైడ్ ఇస్తుందట?

లిథియం మామూలు ఆక్సైడ్, సోడియం ఎక్కువగా పెరాక్సైడ్, పొటాషియం నుంచి కిందివి సూపర్ ఆక్సైడ్. పెరాక్సైడ్, సూపర్ ఆక్సైడ్ అయాన్లలో రెండు ఆక్సిజన్లు జంటగా ఉంటాయి, అందుకే అవి పెద్దవి. పెద్ద రుణ అయాన్‌ని నిలబెట్టాలంటే పక్కన పెద్ద ధన అయాన్ ఉండాలి, చిన్న లిథియం పక్కన సూపర్ ఆక్సైడ్ అయాన్ నిలవలేదు. పొటాషియం సూపర్ ఆక్సైడ్‌కి ఒక గొప్ప పని ఉంది, మనం వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని, తేమని పీల్చుకుని ఆక్సిజన్ ఇస్తుంది. బొగ్గు గనుల్లో ప్రమాదం జరిగితే బయటపడటానికి కార్మికులు నడుముకి కట్టుకెళ్ళే కొన్ని రకాల డబ్బాల్లో ఉండేది ఇదే.

లిథియం, బెరీలియం మిగతావాటిలా ఎందుకు ఉండవు? కర్ణ సంబంధం అంటే?

గ్రూపులో మొదటిది ఎప్పుడూ మరీ చిన్నది. చిన్న అయాన్ పక్కనున్న రుణ అయాన్ ఎలక్ట్రాన్ మబ్బుని తన వైపు లాగేస్తుంది, దాంతో బంధానికి కోవలెంట్ గుణం, అంటే ఎలక్ట్రాన్లని పంచుకునే గుణం వస్తుంది. పట్టికలో పక్కకి వెళ్తే ఛార్జి పెరుగుతుంది, కిందికి వెళ్తే సైజు పెరుగుతుంది, ఒక మెట్టు పక్కకి ఒక మెట్టు కిందికి వేస్తే రెండూ సరిపోయి ఛార్జికి సైజుకి నిష్పత్తి దగ్గరదగ్గరగా వస్తుంది. అందుకే లిథియంకి మెగ్నీషియం పోలిక, బెరీలియంకి అల్యూమినియం పోలిక, ఈ ఏటవాలు పోలికనే కర్ణ సంబంధం అంటారు.

లిథియం ఒక్కటే తన గ్రూపులో నేరుగా నైట్రోజన్‌తో కలిసి నైట్రైడ్ ఇస్తుంది, మెగ్నీషియం కూడా ఇస్తుంది. లిథియం కార్బొనేట్ వేడి చేస్తే విడిపోతుంది, సోడియం కార్బొనేట్ అంత సులువుగా విడిపోదు. బెరీలియం హైడ్రాక్సైడ్ ఆమ్లంలోనూ కరుగుతుంది క్షారంలోనూ కరుగుతుంది, అచ్చం అల్యూమినియం హైడ్రాక్సైడ్ లాగే. అడిగారు కదా అని చెప్తున్నా, బెరీలియం ధూళి ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం.

రెండో గ్రూపు సల్ఫేట్లు కిందికి పోతే కరగడం తగ్గుతుంది, హైడ్రాక్సైడ్లకి పెరుగుతుంది. ఇది ఎప్పుడూ తారుమారు చేసేస్తున్నా, ఎలా గుర్తుపెట్టుకోవాలి?

రెండు శక్తుల మధ్య లాగులాట అనుకోండి. స్ఫటికం పట్టి ఉంచే శక్తి ఒకటి, నీళ్ళు లాగే శక్తి ఇంకోటి. సల్ఫేట్ అయాన్ ఎలాగూ పెద్దది, కాబట్టి లోహ అయాన్ పెరిగినా స్ఫటిక శక్తి పెద్దగా మారదు, నీళ్ళ లాగుడు మాత్రం బాగా తగ్గుతుంది, అందుకని కరగడం తగ్గుతుంది. హైడ్రాక్సైడ్ అయాన్ చిన్నది, అక్కడ లోహ అయాన్ పెరిగేకొద్దీ స్ఫటిక శక్తే వేగంగా పడిపోతుంది, కరగడం పెరుగుతుంది.

బేరియం సల్ఫేట్ అస్సలు కరగదు కాబట్టే కడుపు ఎక్స్‌రేకి ముందు తాగిస్తారు, కరిగే బేరియం లవణం అయితే ప్రాణం పోతుంది. ఈ బేరియం సల్ఫేట్ ఖనిజమే బెరైటీస్, మన తెలుగువాళ్ళు ముగ్గురాయి అంటారు. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో ఉన్న నిల్వ ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. నీళ్ళ కంటే నాలుగు రెట్లకి పైగా బరువు, కరగదు, దేనితోనూ చర్య జరపదు, అందుకని చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి నుంచి చమురు గ్యాసు ఎగదన్నకుండా బురదలో కలిపి పోస్తారు. ఈ చాప్టర్ చదివేవాళ్ళు ఒక్కసారైనా ఆ గని చూడాలని నా కోరిక.

సున్నపురాయి, సున్నం, నీరుసున్నం ఇవన్నీ ఒకటేనా?

కాదు. సున్నపురాయి కాల్షియం కార్బొనేట్. బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది, అదే కాల్చిన సున్నం. దాని మీద నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి వేడెక్కి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది, అదే నీరుసున్నం. గోడకి కొట్టాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్ళీ కార్బొనేట్ అయి గట్టిపడుతుంది, అంటే బయలుదేరిన చోటికే తిరిగొచ్చింది. పల్నాడులో పిడుగురాళ్ళ సున్నం బట్టీలకి పేరు. పాత కోటలు, గుళ్ళు కట్టిన గానుగ సున్నం కూడా ఈ చర్య మీదే నిలబడింది.

గ్రూపులో కిందికి వెళ్తే కార్బొనేట్ విడగొట్టడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి, మెగ్నీషియంకి 540 దగ్గర సరిపోతే బేరియంకి 1300 పైన. చిన్న అయాన్ కార్బొనేట్‌ని మెలిపెట్టి త్వరగా విరగ్గొడుతుంది, మళ్ళీ అదే సైజు కథ.

ఇంత చర్యాశీలత ఉంటే లోహంగా ఎలా తీశారు?

ప్రకృతిలో విడిగా దొరకవు. వీటికంటే బలమైన క్షయకరణి అంత సులువుగా దొరకదు, నీళ్ళలో విద్యుత్ పంపిస్తే నీళ్ళే ముందు విడిపోతాయి. కాబట్టి కరిగించిన లవణంలో కరెంటు పంపాలి. 1807లో హంఫ్రీ డేవీ కరిగించిన పొటాష్‌లో కరెంటు పంపి పొటాషియం తీశాడు, కొద్ది రోజులకే సోడియం. పొటాషియం బిందువులు పైకొచ్చి అంటుకోవడం చూసి సంతోషంతో గదిలో గంతులేశాడంటారు. 1808లో మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం. ఇప్పుడు సోడియం ఉప్పు నుంచే తీస్తారు, ఉప్పు 801 దగ్గర కరుగుతుంది, కాల్షియం క్లోరైడ్ కలిపితే 600 చాలు.

ఒంట్లో వీటి పనేంటి? లో సోడియం ఉప్పు వాడొచ్చా?

70 కేజీల మనిషిలో సోడియం సుమారు 90 గ్రాములు, పొటాషియం 170, మెగ్నీషియం 25, కాల్షియం 1200. కాల్షియంలో 99 శాతం ఎముకలు, పళ్ళలోనే. సోడియం కణం బయట ఎక్కువ, పొటాషియం లోపల ఎక్కువ, కణం పొరలో ఉన్న పంపు మూడు సోడియంలని బయటికి తోసి రెండు పొటాషియంలని లోపలికి తెస్తుంది, నరాల్లో సిగ్నల్ నడిచేది ఈ తేడా మీదే. మొక్కల ఆకుల పచ్చదనంలో మధ్యన కూర్చున్నది మెగ్నీషియం.

లో సోడియం ఉప్పులో కొంత సోడియం క్లోరైడ్ తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. బీపీ ఉన్నవాళ్ళకి మేలు చేయొచ్చు, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాడకండి, పొటాషియం బయటికి పోక గుండె లయ తప్పుతుంది. కొబ్బరి నీళ్ళు తగ్గించమని వాళ్ళకి చెప్పేది కూడా ఇందుకే.

బండ్లకి అంటించే రేడియం స్టిక్కర్లలో రేడియం ఉంటుందా?

లేదు, పేరే మిగిలింది. అవి వెలుగుని వెనక్కి తిప్పే షీట్లు. రేడియంని 1898లో మేరీ, పియరీ క్యూరీ కనుక్కున్నారు, తర్వాత గడియారం ముళ్ళు చీకట్లో వెలగడానికి రేడియం పెయింట్ వేసేవాళ్ళు, అమెరికాలో ఆ ఫ్యాక్టరీల్లో బ్రష్ మొనని పెదాలతో సన్నం చేసుకుంటూ పనిచేసిన అమ్మాయిలు దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. ఎముకల్లోకే ఎందుకు చేరిందంటే రేడియం కాల్షియం గ్రూపుదే, బయట రెండు ఎలక్ట్రాన్లు, అదే ప్లస్ 2 అయాన్, ఒళ్ళు దాన్ని కాల్షియం అనుకుని ఎముకలో దాచుకుంది. ఎక్కువగా దొరికే రేడియం 226 సగం తగ్గడానికి 1600 ఏళ్ళు పడుతుంది, కాబట్టి ఆ ఎముకల్లో అది ఇప్పటికీ ఉంది.